మచ్చల ఐవీ మూడోసారీ పోతోంది: తప్పు నాదా, ఎండదా, నర్సరీదా?

బాల్కనీ_భాను · ఏప్రిల్ 6
రెండేళ్ళలో ఇది మూడో ఐవీ తీగ. ఆకు మధ్యలో బూడిద పచ్చ, అంచున తెల్లటి చార ఉంటుంది చూడండి, అదీ. నర్సరీ లేబుల్ మీద ‘గ్లేసియర్’ అని రాసుంది. ఫిబ్రవరిలో 220 రూపాయలు పెట్టి తెచ్చాను.

మాది మియాపూర్‌లో తొమ్మిదో అంతస్తు, తూర్పు బాల్కనీ. పొద్దున పదింటిదాకా ఎండ పడుతుంది. “రోజూ ఒక గ్లాసు నీళ్ళు పొయ్యండి మేడమ్, ఇంకేం అక్కర్లేదు” అన్నాడు నర్సరీ అబ్బాయి. అలాగే పోశాను. మార్చి సగం వరకు బాగానే ఉంది, చిగుళ్ళు కూడా వేసింది. ఆ తర్వాత ఆకులన్నీ దుమ్ము పట్టినట్టు వెలిసిపోయాయి. తుడిస్తే పోదు. తెల్ల అంచులు మాడిన అప్పడంలా గోధుమరంగుకి తిరిగాయి. విచిత్రం ఏంటంటే మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం చేత్తో పట్టుకుంటే గలగలమంటున్నాయి.

ఎండ ఎక్కువైందేమో అని హాల్లోకి, ఏసీ ఉన్న వైపుకి మార్చాను. ఇంకా తొందరగా పోతోంది. మా అత్తగారు దీనికి “డబ్బిచ్చి కొనుక్కున్న దిగులు” అని పేరు పెట్టారు. రెండు తీగలు మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నాయి. బతికించే దారి ఉందా, లేక హైదరాబాద్‌లో ఈ మొక్క పెట్టుకోవడమే తప్పా?

కుండీలరాణి · ఏప్రిల్ 6
మీది రెండు నెలలు బతికిందా? అదృష్టవంతులు. విజయవాడలో నాది మూడు వారాలు. దినం కూడా పెట్టలేదు. మనీప్లాంట్‌లో మార్బుల్ క్వీన్ పెట్టుకోండి, అదీ తెల్ల మచ్చలదే, చంపుదామన్నా చావదు.

తోటపిచ్చి · ఏప్రిల్ 6
ఐవీయే కావాలంటే దొండపాదు పెట్టండి. ఇంగ్లిష్‌లో దాని పేరు ఐవీ గోర్డ్. గ్రిల్ మీద బాగా పాకుతుంది, పైగా వేపుడుకి వస్తుంది.

బాల్కనీ_భాను · ఏప్రిల్ 6
@తోటపిచ్చి తెల్ల మచ్చల దొండపాదు ఉంటే చెప్పండి, రేపే వేస్తా.

తోటపిచ్చి · ఏప్రిల్ 6
ఉంది. బూడిద తెగులు పట్టినప్పుడు మాదంతా వేరిగేటెడే.

వైట్‌ఫీల్డ్_వాణి · ఏప్రిల్ 7
భాను గారూ, మీరు రాసింది చదివితే నాకు ఎండ కంటే ముందు ఎర్రనల్లి గుర్తొచ్చింది, అదే ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. దుమ్ము పట్టినట్టు ఉండి తుడిస్తే పోకపోవడం, ఏసీ గదిలో ఇంకా ముదరడం, రెండూ దాని లక్షణాలే. ఒక చిన్న పని చెయ్యండి. తెల్ల కాగితం ఒకటి ఆకుల కింద పట్టుకుని తీగని నాలుగుసార్లు గట్టిగా తట్టండి. కాగితం మీద మిరియం పొడి కంటే సన్నటి చుక్కలు రాలతాయి. ఒక నిమిషం కదలకుండా చూడండి. చుక్కలు నడిస్తే నల్లి. వేలితో రాస్తే చార పడుతుంది. నడవకపోతే దుమ్మే, నన్ను తిట్టుకోండి.

ఆకు తిప్పి కాడ మొదట్లో కూడా చూడండి. సాలెపట్టు కంటే పల్చటి దారాలు ఉంటాయి. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే కనిపిస్తాయి.

కుండీలరాణి · ఏప్రిల్ 7
నాకు ఇది ఎవరూ చెప్పలేదే! ఆ మొక్క మీద సాలెపురుగు గూడు కడుతోందని మురిసిపోయాను కూడా.

కడియం_సత్తి · ఏప్రిల్ 7
నర్సరీ కుర్రోడిని తిట్టకండి అండి, నేనూ అదే జాతి. కడియపులంకలో మా బాబాయి నర్సరీలోనే పెరిగాను. ఆ అబ్బాయి చెప్పింది వాడి మొక్కకి కరెక్టే. నర్సరీలో ఐవీ నాలుగంగుళాల కుండీలో ఉంటుంది, షేడ్ నెట్ కింద, నాలుగు వైపులా గాలి ఆడుతూ. ఆ చిన్న కుండీ సాయంత్రానికి ఆరిపోతుంది. అందుకే రోజూ నీళ్ళు. మీరు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పది అంగుళాల కుండీలో పెట్టి అదే గ్లాసు పోస్తే లోపల ఊబి అయిపోద్ది.

రెండు ప్రశ్నలు. ఒకటి, కుండీ మార్చారా? రెండు, మార్చినప్పుడు వేరుముద్ద చుట్టూ గుడ్డలాంటి వల ఏదైనా ఉందా, తీశారా?

బాల్కనీ_భాను · ఏప్రిల్ 7
మార్చాను. తెల్ల సిరామిక్ కుండీ, బంగారు గీతతో. వల ఏమీ చూడలేదు, వచ్చింది వచ్చినట్టు పెట్టేశాను.

కడియం_సత్తి · ఏప్రిల్ 7
ఆ సిరామిక్ కుండీకి అడుగున కన్నం ఉందా?

బాల్కనీ_భాను · ఏప్రిల్ 7
...లేదు. అందంగా ఉందని తీసుకున్నాను.

తోటపిచ్చి · ఏప్రిల్ 7
కేసు క్లోజ్.

మొండిమొక్క · ఏప్రిల్ 7
క్లోజ్ ఏం కాదు. మొదటి రెండు మొక్కలు కూడా కన్నం లేని కుండీలోనే పోయాయా? నాకు కన్నాలున్న మట్టి కుండీలో, ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, ఇసుక అన్నీ లెక్కగా కలిపి పెట్టినా వరంగల్‌లో మేలో పోయింది. అసలు విషయం ఒప్పుకోండి: ఇది చలిదేశం మొక్క. 10 నుంచి 20 డిగ్రీల మధ్య హాయిగా ఉండేదాన్ని తెచ్చి 42లో నిలబెట్టి నీళ్ళా, కన్నమా అని వాదించుకుంటున్నాం.

డల్లాస్_దుర్గ · ఏప్రిల్ 7
@మొండిమొక్క డల్లాస్‌లోనూ ఎండాకాలం 40 దాటుతుంది. మా ఇంటి ఉత్తరం వైపు ఓక్ చెట్టు కింద నేలంతా ఐవీయే, ముందు ఉన్నవాళ్ళు వేసింది. ఆరేళ్ళుగా చూస్తున్నాను, ఆగస్టులో కాస్త వాడి మళ్ళీ లేస్తుంది. వేడికే చచ్చేదైతే ఎప్పుడో చావాలి.

మొండిమొక్క · ఏప్రిల్ 7
మీది నేలలో ఉంది. పైగా పచ్చ ఐవీనా, మచ్చలదా?

డల్లాస్_దుర్గ · ఏప్రిల్ 8
పచ్చదే. మచ్చలది ఒకటి తెచ్చి వాకిట్లో కుండీలో పెట్టాను. సరే, మీరనుకున్నట్టే జులైలో పోయింది. దాని గురించి చెప్పకూడదనుకున్నాను.

రిటైర్డ్_బాటనీ · ఏప్రిల్ 8
ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పిన అలవాటు, కాస్త ఓపిక పట్టండి.

దుర్గ గారి నేలకీ, భాను గారి కుండీకీ తేడా వేర్ల దగ్గర ఉంది. చెట్టు నీడలో నేల అడుగు లోతున పైగాలి కంటే ఎంతో చల్లగా ఉంటుంది. బాల్కనీలో కుండీ నాలుగు వైపులా వేడెక్కుతుంది. తొమ్మిదో అంతస్తులో వడగాలి ఆకులోని నీటిని లాగేస్తుంటుంది. అదే సమయంలో అడుగున నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళితే పైకి నీళ్ళు పంపేవాళ్ళు ఉండరు. అందుకే మట్టి తడి, ఆకు పొడి. అందులో విడ్డూరం లేదమ్మా.

ఇక తెల్ల మచ్చ. ఒకే మొక్కలో రెండు రకాల కణజాలం పక్కపక్కనే పెరుగుతుంటుంది. దీన్ని కైమెరా అంటాం. తెల్ల భాగంలో పత్రహరితం లేదు, అది వంట చెయ్యదు, తినడానికి మాత్రం కూర్చుంటుంది. పచ్చ భాగం సంపాదనతో రెండూ బతకాలి. కాబట్టి తెలుపు ఎంత ఎక్కువుంటే మొక్క అంత నెమ్మది, అంత సుకుమారం. నీళ్ళు తగ్గినా, ఎండ పెరిగినా ముందు మాడేది తెల్ల అంచే. పచ్చ ఐవీ నెట్టుకొచ్చే చోట మచ్చలది చేతులెత్తేయడానికి కారణం ఇదే.

అలా అని చీకట్లో పెట్టినా కుదరదు. వెలుతురు చాలకపోతే కొత్త ఆకుల్లో తెలుపు మందగిస్తుంది, తీగ సాగి బక్కచిక్కుతుంది. నేరుగా మధ్యాహ్నపు ఎండ వద్దు, వెలుతురు మాత్రం ధారాళంగా కావాలి.

తోటపిచ్చి · ఏప్రిల్ 8
సార్, ఆ తెల్ల భాగం మా ఇంట్లో మా బావమరిదిలా ఉంది.

బాల్కనీ_భాను · ఏప్రిల్ 8
కాగితం పరీక్ష చేశాను. చుక్కలు నడిచాయి. మా అబ్బాయి వాటికి పేర్లు పెట్టాలని చూశాడు. ఆకు వెనక దారాలు కూడా ఉన్నాయి. వాణి గారూ, మీకు వంద మార్కులు. ఇప్పుడేం చెయ్యాలి?

ఇంకో సంగతి: మొక్కని కుండీలోంచి లాగాను. సత్తి గారన్న వల ఉంది! వేరుముద్దకి సన్నటి తెల్ల గుడ్డ బనీను తొడిగినట్టు. కొన్ని వేళ్ళు దాన్ని చీల్చుకుని బయటికొచ్చాయి, చాలావరకు లోపలే చుట్ట చుట్టుకున్నాయి. అడుగున వేళ్ళు గోధుమరంగులో, పట్టుకుంటే తొక్క ఊడి వస్తున్నాయి. మురుగు వాసన. పైన మాత్రం తెల్లటి మంచి వేళ్ళు కొన్ని ఉన్నాయి.

వైట్‌ఫీల్డ్_వాణి · ఏప్రిల్ 8
ముందు నల్లి సంగతి. పాడైన తీగలు కోసి కవర్లో కట్టి బయట పడేయండి, ఇంకో కుండీలో మట్టి మీద పరచొద్దు. మిగిలిన తీగల్ని సింకులో ట్యాప్ కింద ఆకు వెనక వైపు తగిలేలా కడగండి. ఆ తర్వాత బకెట్టు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేసి, మట్టి జారకుండా కుండీ మూతికి గుడ్డ కట్టి, మొక్కని తలకిందులుగా పట్టుకుని ముంచి తిప్పండి. మొహమాటపడకుండా తిప్పండి.

మర్నాడు సాయంత్రం లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కాస్త లిక్విడ్ సోపు గిలక్కొట్టి ఆకుల వెనక తడిసేలా స్ప్రే. ఒక్కసారితో పోదు, గుడ్లు మిగిలే ఉంటాయి. ఈ వేడికి వారం తిరక్కుండానే గుడ్డు పెద్దదై మళ్ళీ గుడ్లు పెడుతుంది. అందుకే ఐదు రోజులకొకసారి, మూడు నాలుగుసార్లు. ఎండ ఉండగా కొట్టొద్దు, ఆకులు కాలతాయి.

రైతుబిడ్డ_నల్గొండ · ఏప్రిల్ 8
నల్లికి గంధకం పొడి నీళ్ళలో కలిపి కొడితే ఒక్క దెబ్బ. మిర్చికి మేం కొట్టేది అదే.

రిటైర్డ్_బాటనీ · ఏప్రిల్ 8
@రైతుబిడ్డ_నల్గొండ గంధకం పనిచేస్తుంది, కాదనను. కానీ 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకులే మాడతాయి, నూనె కొట్టిన మొక్క మీదైతే మరీ ప్రమాదం. ఏప్రిల్‌లో, అదీ సగం తెల్లగా ఉన్న ఐవీ మీద వద్దు.

రైతుబిడ్డ_నల్గొండ · ఏప్రిల్ 8
అదీ నిజమే సార్. మేం తెల్లారుజామున కొడతాం.

కడియం_సత్తి · ఏప్రిల్ 8
ఆ వల చిన్న కత్తెరతో నిలువునా కత్తిరించి ఒలిచెయ్యండి. లాగితే మంచి వేళ్ళు తెగిపోతాయి. కుళ్ళిన వేళ్ళన్నీ తీసేస్తే వేర్లు గుప్పెడు కూడా మిగలవు, కాబట్టి చిన్న కుండీయే చాలు. పెరుగు డబ్బా అయినా పర్లేదు, అడుగున నాలుగైదు కన్నాలు పెట్టండి. మట్టిలో ఇసుకో పెర్లైటో బాగా కలపండి, కోకోపీట్, అదే కొబ్బరిపీచు పొడి, ఒక్కటే వద్దు, అది నీళ్ళు పట్టుకుని కూర్చుంటది. ఇకనుంచి గ్లాసు లెక్క మానేసి వేలు పెట్టి చూడండి. మొదటి కణుపు దాకా పొడిగా తగిలితేనే నీళ్ళు. కుండీ ఎత్తి చూసినా తెలిసిపోద్ది, ఆరిన కుండీ తేలిగ్గా వస్తది.

ఎరువు ఇప్పుడేమీ వెయ్యకండి. వేళ్ళు లేనోడికి విందు భోజనం ఎందుకండి.

ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యమైంది. పచ్చిగా ఉన్న రెండు తీగల్లోంచి నాలుగంగుళాల ముక్కలు మూడు నాలుగు కోసి, కింది ఆకులు తీసి, కణుపు మునిగేలా గాజు సీసాలో నీళ్ళలో పెట్టండి. తల్లి మొక్క పోయినా ఇవి ఉంటాయి. నిజానికి ఈ పని డిసెంబర్‌లో చెయ్యాలి, ఎండలొచ్చాక కాదు.

బాల్కనీ_భాను · ఏప్రిల్ 8
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఇక్కడ ఆకులు కూడా కాలాయి.

గాలి_సుబ్బయ్య · ఏప్రిల్ 9
ఏమైనా ఈ మొక్క వదులుకోకండి. ఇంట్లో గాలి శుభ్రం చేస్తుందని నాసా వాళ్ళే చెప్పారు. మా ఆఫీసులో కూడా పెట్టారు.

వైట్‌ఫీల్డ్_వాణి · ఏప్రిల్ 9
@గాలి_సుబ్బయ్య అది 1989 నాటి ప్రయోగం. మూసేసిన చిన్న పెట్టెలో మొక్క పెట్టి బెంజీన్ లాంటి హానికర ఆవిర్లు తగ్గాయా అని చూశారు. తగ్గాయి. కానీ మన ఇల్లు మూసేసిన పెట్టె కాదు కదా. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పాత ప్రయోగాలన్నీ మళ్ళీ లెక్కగట్టారు. కిటికీల్లోంచి మామూలుగా ఆడే గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు పెట్టాలట. అప్పుడు మనం పడుకునేది ఎక్కడ?

గాలి_సుబ్బయ్య · ఏప్రిల్ 9
పేరు మార్చుకుంటానులెండి.

డాక్టరమ్మ · ఏప్రిల్ 9
కడిగేటప్పుడు, కోసేటప్పుడు గ్లవుజులు వేసుకోండి. ఐవీ రసంలో ఫాల్కరినాల్ అనే పదార్థం ఉంటుంది, కొందరికి చేతుల మీద ఎర్రగా దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. అందరికీ రాదు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ తగిలితే ఇంకా ఎక్కువగా వస్తుంది. పిల్లి, కుక్క నమిలితే చొంగ కారుస్తాయి, వాంతులు చేసుకుంటాయి. పాకే పిల్లలుంటే వేలాడే కుండీలో పైన పెట్టండి. ఐవీ ఆకు సారంతో దగ్గు సిరప్‌లు వస్తాయి, నిజమే. అది చూసి ఎవరూ ఇంట్లో ఆకు కషాయం కాయకండి, దయచేసి.

కుండీలరాణి · ఏప్రిల్ 9
మా అమ్మ చదవకముందే ఆ చివరి రెండు వాక్యాలు తీసెయ్యండి డాక్టరమ్మా, కషాయం మాట వింటే చాలు.

సియాటిల్_సుబ్బు · ఏప్రిల్ 10
మీరంతా దీన్ని బతికించడానికి తంటాలు పడుతుంటే నవ్వొస్తోంది. మా ఊళ్ళో శనివారాలు పొద్దున పార్కుకి వెళ్ళి ఐవీని చంపే పని నాది. వాలంటీర్ పని. చెట్టు మొదలు చుట్టూ పాకిన తీగల్ని నడుము ఎత్తున ఒకసారి, నేల దగ్గర ఒకసారి కోసి, మధ్య ముక్కని ఒలిచేస్తాం. పైన ఉన్నదానికి వేర్లతో సంబంధం తెగిపోయి నిలువునా ఎండిపోతుంది. పైన ఉన్నదాన్ని లాగకూడదు, కొమ్మలు విరిగి మీద పడతాయి. కొన్ని తీగలు నా మణికట్టు కంటే లావు. గొడ్డలి కాదు, రంపం కావాలి.

యూరప్ నుంచి అలంకారానికి తెచ్చుకున్న మొక్క ఇక్కడి చల్లటి వానల్లో అడవి నేలంతా కప్పేసి ఇంకో మొక్కని మొలవనివ్వదు. పక్కనున్న ఓరెగాన్ రాష్ట్రంలో 2010 నుంచి ఇంగ్లిష్ ఐవీ, అంటే మీ ఈ మొక్కే, అమ్మడమే నిషేధం. మీరు 220 పెట్టి కొంటున్నారు!

బాల్కనీ_భాను · ఏప్రిల్ 10
సుబ్బు గారూ, ఒక నెల మియాపూర్‌కి పంపండి మీ ఐవీని. చంపే పని మేం ఉచితంగా చేసిపెడతాం.

లండన్_లక్ష్మి · ఏప్రిల్ 10
@సియాటిల్_సుబ్బు ఇక్కడ అది స్థానిక మొక్క, మాకు ఆ కోపం లేదు. మా వెనక గోడ మీద ‘గోల్డ్‌చైల్డ్’ ఉంది, పసుపు అంచుది. కుండీలోది లోపల చలికాలమంతా హీటర్ పక్కన ఏడ్చింది, అచ్చం భాను గారి ఏసీ కథే, ఎర్రనల్లితో సహా. మార్చిలో బయట గోడ పక్కన నాటేశాను. మంచు పడ్డా ఏమీ కాలేదు, చలిగాలికి అంచులు కొంచెం గోధుమరంగుకి తిరిగాయి అంతే. ఈ మొక్కకి వెచ్చటి గది కంటే చల్లటి వాకిలే పుట్టిల్లు.

గోడ పాడవుతుందని మా ఆయన భయం. ఇక్కడి చారిత్రక కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ వాళ్ళు పాత కట్టడాల మీద ఐవీ ఏం చేస్తుందో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళతో పరిశోధన చేయించారు. గోడ గట్టిగా ఉంటే ఐవీ దుప్పటిలా కాపాడుతుంది, పగుళ్ళు, కన్నాలు ముందే ఉంటే మాత్రం వేళ్ళు దూరి పెద్దవి చేస్తాయి అని తేలింది. మాది పాత ఇటుక గోడ, సున్నం పెచ్చులూడింది. కాబట్టి మా ఆయనదే గెలుపు, చెక్క ఫ్రేమ్ మీదికి మళ్ళించాను.

మొండిమొక్క · ఏప్రిల్ 10
జూబ్లీహిల్స్‌లో చాలా కాంపౌండ్ గోడల మీద ఐవీ బ్రహ్మాండంగా ఉంది కదా మరి? చిన్న చిన్న ఆకులు, గోడకి అతుక్కుని. నా సిద్ధాంతానికి అదొక్కటే అడ్డం.

రిటైర్డ్_బాటనీ · ఏప్రిల్ 10
అడ్డం లేదు. అది ఐవీ కాదు, ఫైకస్ ప్యుమిలా. మన మర్రి, రావి కుటుంబం. తుంచితే పాలు కారతాయి, ఐవీకి కారవు. హైదరాబాద్ ఎండకి గోడ మీద తీగ కావాలంటే అదే సరైనది. దాంట్లోనూ తెల్ల అంచు రకం ఉంది.

అసలైన ఐవీకి మన ఇళ్ళలో చుట్టాలు వేరే ఉన్నారు: షెఫ్లీరా, కంచెకి వేసే అరేలియా. అందరిదీ అరేలియేసి కుటుంబం. ఐవీ అంటే పూర్తిగా పరాయిదనీ కాదు, హిమాలయాల్లో మనదైన ఐవీ జాతి ఒకటి ఉంది. సిమ్లా వైపు వెళ్ళినప్పుడు దేవదారు చెట్ల మీద చూడండి.

లక్ష్మి గారికి ఒక ప్రశ్న: మీ చుట్టుపక్కల గోడ పైదాకా వెళ్ళిన ముసలి ఐవీ ఉందా? పైన ఆకులు ఎలా ఉన్నాయి?

లండన్_లక్ష్మి · ఏప్రిల్ 11
ఉంది సార్, చర్చి గోడ మీద. కింద అందరికీ తెలిసిన ఐదు కోణాల ఆకు, పైన మాత్రం రావి ఆకులా సాదాగా ఉంది. రెండు వేరే మొక్కలనుకున్నాను. అక్టోబర్‌లో దానికి పచ్చటి బంతుల్లాంటి పూలొచ్చి, తేనెటీగల రొదతో గోడంతా మోగుతుంది.

రిటైర్డ్_బాటనీ · ఏప్రిల్ 11
ఒకటే మొక్క. కోణాలున్నది బాల్యం, సాదాగా ఉన్నది యవ్వనం. పాకడం మానేశాకే పూస్తుంది. పైకొమ్మ కోసి నాటితే తీగ రాదు, పొద వస్తుంది. మన కుండీల్లో ఉన్నవన్నీ ఎన్నేళ్ళయినా పసిపిల్లలే. ఆ తేనెటీగల్లో ఐవీ పూల మీదే ఎక్కువగా బతికే ఒక రకం ఉంది, బ్రిటన్‌లో దాన్ని మొదట గుర్తించింది 2001లోనే. కొత్తగా వచ్చి స్థిరపడింది, మన లక్ష్మి గారిలాగే.

మదనపల్లి_మధు · ఏప్రిల్ 12
ఆంధ్రాలో ఐవీ రాదు అనేవాళ్ళకి: హార్స్‌లీ హిల్స్ మీద మా చిన్నాన్న వాళ్ళ ఇంట్లో ఉత్తరం గోడ పక్కన నేలలోనే ఉంది, మూడేళ్ళుగా. నాలుగు వేల అడుగులకి పైన కదా. కింద మదనపల్లిలో మా ఇంట్లో అదే మొక్క కొమ్మ నవంబర్ నుంచి మార్చి దాకా మహారాజులా ఉంటుంది, ఏప్రిల్ నుంచి నాతో మాట్లాడదు. అప్పుడు దాన్ని బాత్రూం కిటికీలో పెడతాను. వెలుతురు ఉంటుంది, ఎండ రాదు, స్నానాల తేమ. జులైలో మళ్ళీ బయటికి.

కుండీలరాణి · ఏప్రిల్ 12
మా బాత్రూంకి కిటికీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. ఆ కాంట్రాక్టర్‌కి ఐవీ ఉసురు తగలాలి.

బాల్కనీ_భాను · ఏప్రిల్ 27
అప్‌డేట్. నాలుగుసార్లు కడిగి, మూడుసార్లు వేపనూనె కొట్టాను. ఇల్లంతా ఆ వాసనకి మా ఆయన బాల్కనీలో కూర్చుని ఆఫీసు పని చేసుకున్నారు. నిన్న కాగితం మీద ఒక్క చుక్కా నడవలేదు. తల్లి మొక్కలో ఒక తీగ పోయింది, ఒకటి మిగిలింది, నాలుగు ఆకులతో. పెరుగు డబ్బాలో ఉంది. సీసాలో పెట్టిన నాలుగు ముక్కల్లో రెండు కుళ్ళాయి. ఒకదానికి కణుపు దగ్గర తెల్లటి వేరు, బియ్యపు గింజంత.

అన్నీ మధు గారు చెప్పినట్టు బాత్రూం కిటికీలో పెట్టాను. బంగారు గీత కుండీలో ఇప్పుడు గరిటెలు ఉన్నాయి.

మొండిమొక్క · ఏప్రిల్ 27
మే నెల చూసి మాట్లాడదాం.

మొండిమొక్క · జూన్ 3
భాను గారూ, మే అయింది. ఉందా?

బాల్కనీ_భాను · జూన్ 19
ఉంది!! ఆలస్యానికి క్షమించండి, పిల్లల స్కూళ్ళు. నాలుగు ఆకులు రెండయ్యాయి, నెలంతా కదలకుండా అలాగే నిలబడింది. వానలు పడ్డాక చిగురేసింది. కానీ కొత్త టెన్షన్. కొత్త తీగ పూర్తిగా పచ్చగా వచ్చింది. ఒక్క తెల్ల గీత లేదు. దూకుడుగా సాగుతోంది, పది రోజుల్లో ఐదు ఆకులు. నా మచ్చలు ఏమయ్యాయి?

రిటైర్డ్_బాటనీ · జూన్ 19
పూర్వరూపానికి తిరిగింది. రెండు కణజాలాల్లో పచ్చదే గెలిచి ఆ చిగురు కట్టింది. దాన్ని మచ్చలున్న ఆకు దగ్గర దాకా వెనక్కి కత్తిరించండి. లేదంటే అది వేగంగా పెరిగి మచ్చల తీగని మింగేస్తుంది. ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టం.

కడియం_సత్తి · జూన్ 19
సార్ మీద గౌరవంతోనే చెప్తున్నానండి, ఇప్పుడే కొయ్యొద్దు. మొక్క మొత్తానికి ఉన్నవి ఏడు ఆకులు, అందులో ఐదు పచ్చవి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాడి సంపాదన ఆపేస్తే ఎలా? వేళ్ళు పట్టనివ్వండి. మచ్చల కణుపులోంచి ఇంకో చిగురు వచ్చేదాకా ఆగండి, అప్పుడు పచ్చది తీసెయ్యండి.

రిటైర్డ్_బాటనీ · జూన్ 19
పచ్చది ఉన్నంతకాలం ఆ రెండో చిగురు రానివ్వదు, సత్తిబాబూ. కొన మీద ఉన్నది కింది మొగ్గల్ని అణచి ఉంచుతుంది.

కడియం_సత్తి · జూన్ 20
అయితే కొన మాత్రం గిల్లుదాం. ఆకులు ఉంటాయి, పెత్తనం పోతది.

రిటైర్డ్_బాటనీ · జూన్ 20
...అది బాగుంది. పుస్తకంలో లేదు గానీ బాగుంది.

తోటపిచ్చి · జూన్ 20
ఈ చర్చలో మొదటిసారి ఇద్దరు ఒప్పుకున్నారు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

బాల్కనీ_భాను · జూన్ 20
గిల్లాను.

బాల్కనీ_భాను · ఆగస్టు 14
గిల్లిన ఇరవై రోజులకి కింద పాత ఆకు కాడ మొదట్లోంచి రెండు చిగుళ్ళు వచ్చాయి. రెండిటికీ తెల్ల అంచు ఉంది. చిగురు విప్పుకునేటప్పుడు ఆ అంచు లేత గులాబీ రంగులో ఉండి, తర్వాత తెల్లబడింది. ఇదివరకు మూడు మొక్కల్లో ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఇప్పుడు మచ్చల ఆకులు పదకొండు. సీసాలో వేరు పట్టినదాన్ని కూడా చిన్న కుండీలోకి మార్చాను. వారానికోసారి కాగితం పరీక్ష మా అబ్బాయి డ్యూటీ. చుక్కలు లేకపోతే వాడికే నిరాశ.

పచ్చ తీగ నిన్న మొత్తంగా కోసేశాను. పారెయ్యబుద్ధి కాలేదు. మే నెల దాటించింది అదే కదా. నీళ్ళ సీసాలో పెట్టాను. మా అత్తగారు దాన్నే చూసి “ఇది బాగుంది, జబ్బు చేసినట్టు లేదు” అంటున్నారు.

మొండిమొక్క · ఆగస్టు 14
ఒక ఎండాకాలం లెక్కలోకి రాదు. వచ్చే మేలో కలుద్దాం. డిసెంబర్‌లో కొమ్మలు మాత్రం వేసి పెట్టుకోండి.

కొత్తసభ్యురాలు_22 · ఆగస్టు 15
మొత్తం ఒక్కసారిగా చదివేశాను. మాదీ మియాపూరే, ఐదో అంతస్తు, ఉత్తరం బాల్కనీ. ఆ పచ్చ తీగకి వేళ్ళొస్తే నాకిస్తారా? మచ్చలు లేకపోయినా పర్లేదు.

బాల్కనీ_భాను · ఆగస్టు 15
తప్పకుండా. వచ్చేటప్పుడు పెరుగు డబ్బా తెచ్చుకోండి. కన్నాలు పెట్టి తీసుకురండి.